స్టాపొచ్చింది బాబాయ్

"పాపిడి ఎటు తీస్తావు?" అని అడిగాడు గుండు బాబాయి.

కుర్చీలో కూర్చున్న పెయింటరు తెల్లమొహం వేశాడు. గోడలకి రంగులేసే మనిషి, గోళ్ళ చుట్టూ నీలం రంగు ఇంకా వదల్లేదు. తలలో గడ్డ ఉందని తెలిసిన దగ్గర్నుంచి సరిగ్గా తిండీ లేదు, నిద్రా లేదు. కాసేపట్లో నున్నగా గొరిగేసే తలకి ఈ ముసలాయన పాపిడి తీస్తానంటాడేంటి?

"ఎటైతే ఏముందండీ ఇప్పుడు."

"ఏముందంటే కాదు. చెప్పు."

"ఎడమ."

బాబాయి రేకుపెట్టె తెరిచి కొమ్ము దువ్వెన తీశాడు. గోధుమరంగు దువ్వెన, ఒక చివర రెండు పళ్ళు లేవు, వాళ్ళ నాన్న చేతిలోంచి ఈయన చేతిలోకి వచ్చింది. తల మీద కాసిన్ని నీళ్ళు చిలకరించి, ఎడమవైపు గీత గీసినట్టు పాపిడి తీసి, కుడివైపుకి నెమ్మదిగా దువ్వి, చెవుల పైన పోగులు సర్ది, ఓ అడుగు వెనక్కి వేసి ఫొటో దిగబోయే మనిషిని చూసినట్టు తృప్తిగా చూశాడు. తర్వాతే మిషన్ అందుకున్నాడు.

మిషన్ గుర్రుమంటూ నుదుటి దగ్గర మొదలై వెనక్కి పోయింది. దువ్విన జుట్టంతా దువ్వినట్టే ఒళ్ళో గుడ్డ మీద పడింది. ఆపైన నురగ, ఆపైన కత్తి. బాబాయి ఎడమచేతి బొటనవేలితో చర్మాన్ని సాగదీసి పట్టుకుని కత్తి నడిపిస్తుంటే వార్డు గుమ్మం అవతల నర్సమ్మల మాటలు, స్టీలు ట్రేల చప్పుడు, లిఫ్టు తలుపు మూసుకోవడం అన్నీ వినిపిస్తాయి గానీ కత్తి చప్పుడు మాత్రం వినిపించదు, అంత మెత్తని చెయ్యి. ఎన్నడూ ఎండ తగలని చర్మం బయటపడింది, పాలిపోయి, పసిపిల్లల అరికాలులా.

"ఇన్ని తలలు గొరిగారు, మీ తల మాత్రం భలే ఒత్తుగా ఉందండీ," అన్నాడు పెయింటరు, కొంచెం ధైర్యం వచ్చి.

"ఏం చెయ్యను నాయనా, నా తలకి నా చెయ్యి అందదు."

పెయింటరు నవ్వాడు. నవ్వగానే భుజాలు దిగాయి. బాబాయికి కావలసింది అదే, బిగుసుకున్న మెడ మీద కత్తి నడపడం కష్టం.

తలకి ఆపరేషన్లు చేసే ఈ వార్డులో, ఆపరేషన్ థియేటరు పక్కన చిన్న గదిలో, ఒక కుర్చీ, ఒక సింకు, ఒక కిటికీతో ఆయన ఉద్యోగం. ఎన్నేళ్ళయిందంటే ఆయనే లెక్క మర్చిపోయాడు. వార్డంతా గుండు బాబాయి అంటారు. జుట్టు దువ్వి మరీ గొరగడం ఆయన సొంత పద్ధతి, ఎవరూ చెప్పింది కాదు. హెడ్ నర్సు విసుక్కుంటూనే ఉంటుంది, అక్కడ థియేటర్లో అందరూ చేతులు కడుక్కుని నిలబడితే ఇక్కడ ఈయన షోకులు చేస్తాడని. ఎందుకంటే మాత్రం ఆయన ఒక్కటే అంటాడు: "తల మన చేతికి అప్పజెప్తున్నారు. ఎలా ఉన్న తల తీసుకున్నామో మనకి తెలియాలి కదా."

ఇన్నేళ్ళలో ఒక్క తలకే దువ్వెన పెట్టకుండా కత్తి పెట్టాడు. ఆ తల ఇప్పుడు వార్డు చివర, కిటికీ పక్క మంచం మీద ఉంది. ఇవాళ దానికి స్కానింగు.

*

ఆ తల కండక్టరమ్మది. బాబాయి రోజూ సాయంత్రం ఇంటికెళ్ళే సిటీ బస్సులో కండక్టరు.

పొద్దున్నుంచీ నిలబడి నిలబడి కాళ్ళు లాగేసిన మనిషి కదా, వెనక తలుపు దగ్గర కిటికీ సీటులో కూలబడిన మరుక్షణం బాబాయికి నిద్ర ముంచుకొచ్చేస్తుంది, అది కూడా మామూలు నిద్ర కాదు, గడ్డం గుండెల మీద ఆనించి, నోరు కొంచెం తెరిచి, రేకుపెట్టె ఒళ్ళో రెండు చేతులా పట్టుకుని. బస్సు ఎన్ని గోతుల్లో పడినా మెలకువ రాదు. నీళ్ళ ట్యాంకు స్టాపు రాగానే కండక్టరమ్మ అంతమంది జనంలోంచి ఒక్క కేక పెడుతుంది, "స్టాపొచ్చింది బాబాయ్! లే!" బస్సులో పసిపిల్లలు కూడా లేచి కూర్చుంటారు. బాబాయి దిగుతాడు. "రైట్ రైట్!" బస్సు పోతుంది. ఆమెకి ఆయన గుండు బాబాయి అని తెలియదు, నిద్ర బాబాయి అంతే.

ఆ గొంతు బస్సుకి ఒక చివర నుంచి ఇంకో చివరకి దారి చేసుకుంటూ పోయేది. ఫుట్‌బోర్డు మీద వేలాడేవాళ్ళని లోపలికి పిలిచేది, నిద్ర నటించేవాళ్ళని టికెట్టు అడిగేది, ముసలమ్మలకి సీటిప్పించేది. ఎడమ చెవిలో మాత్రం ఎప్పుడూ ఒక దూది ఉండ. చిన్నప్పటినుంచీ చెవి కారుతుందట, చెవి కారితే ఎవరు పట్టించుకుంటారు, దూది పెట్టుకుంటే సరిపోయె.

ఒకరోజు సాయంత్రం "స్టాపొచ్చింది బాబాయ్" అని కేక వినిపించింది. బాబాయి కళ్ళు నులుముకుంటూ దిగాడు. బస్సు వెళ్ళిపోయింది. చూస్తే ఎదురుగా నీళ్ళ ట్యాంకు లేదు, పాత వంతెన ఉంది. ఇంకా చాలా ముందే దింపేసింది! పిల్లకి నాతో వేళాకోళం ఎక్కువైపోయింది అనుకుని, తనలో తనే నవ్వుకుంటూ ఇంటిదాకా నడిచాడు. మర్నాడు బస్సులో ఆమె స్టాపులన్నీ కలగాపులగంగా పిలిచింది, గడియారం స్తంభం దగ్గర ఆగి బడి మలుపు అంది, బడి మలుపు దగ్గర మార్కెట్ అంది, ఒక చేత్తో తల పట్టుకుంది. ఎప్పుడూ జోకులేసే మనిషి కావడంతో బస్సు బస్సంతా పగలబడి నవ్వింది. బాబాయీ నవ్వాడు.

ఆ తర్వాతి రోజు పొద్దున్నే ఆమెని స్ట్రెచర్ మీద వార్డులోకి తోసుకొచ్చారు. డ్యూటీలోనే ఫిట్స్ వచ్చి పడిపోయిందట. చెవిలో చీము ఎముకని తినేసి, పైకి పాకి, మెదడులో గడ్డ కట్టిందని, వెంటనే తీయాలని డాక్టరమ్మ పరిగెత్తింది. కళ్ళు పైకి తేలేసి ఉన్నాయి, జడ ఊడిపోయి స్ట్రెచర్ అంచు మీంచి కిందికి వేలాడుతోంది, అంత పొడుగు జడ. "త్వరగా, బాబాయ్ గారూ, త్వరగా" అంటున్నారు అందరూ. దువ్వెనకి టైము లేదు. ఆ జుట్టంతా తీసేశాడు. తర్వాత వెళ్ళి సింకు దగ్గర చాలాసేపు చేతులు కడుక్కున్నాడు. తలలోపల జరిగేవి ఆయనకేం తెలుసు, ఆయనకి తెలిసింది తల పైభాగమే. కానీ ఈ వార్డులో ఇన్నేళ్ళున్న నేను కూడా నవ్వానే అన్న మాట ఆయన్ని వదల్లేదు.

డాక్టరమ్మ పుర్రెకి చిన్న రంధ్రం పెట్టి, సూది దించి, చీము లాగేసింది. ఆ చీముని ల్యాబుకి పంపి, అందులో ఏ పురుగు ఉందో దానికి తగ్గ మందు సెలైన్లో ఎక్కించడం మొదలుపెట్టారు. వారాల తరబడి ఆ మందే, పొద్దునా మధ్యాహ్నం రాత్రీ, రెండు చేతుల్లో నరాలు అయిపోయి మెడ దగ్గరికి పోయారు. ఫిట్స్ రాకుండా మాత్రలు వేరే. ఆమెకి తెలివొచ్చింది, నడక వచ్చింది, ఆకలి వచ్చింది. మాటలు మాత్రం ఒకదాని చోట ఒకటి వచ్చి కూర్చున్నాయి. గ్లాసుని బెల్లు అనేది, నర్సుని డ్రైవరు అనేది. తప్పని ఆమెకే తెలుస్తుంది, కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. నడుమ గడ్డ మళ్ళీ ఊరితే అదే రంధ్రంలోంచి మళ్ళీ లాగారు. అప్పట్నుంచి మాట రోజురోజుకీ తేరుకుంటోంది, తల మీద జుట్టు మొలుస్తోంది. ఆ రెండూ బాబాయి రోజూ వెళ్ళి చూసుకునేవాడు.

ఇవాళ స్కానింగులో గడ్డ తగ్గిందంటే ఇంటికి. తగ్గలేదంటే మళ్ళీ ఆయన కత్తి.

*

పెయింటరుని లోపలికి పంపేసి, కత్తి స్పిరిట్‌తో తుడిచి, బాబాయి కిటికీ మంచం దగ్గరికి వెళ్ళాడు. కండక్టరమ్మ మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. పక్కన స్టూలు మీద వాళ్ళ అత్తగారు. పొట్టి మనిషి, నోరు మాత్రం పెద్దది. స్కానింగ్‌కి తీసుకెళ్ళి తీసుకొచ్చారట, ఫిల్మ్ ఇంకా రాలేదట.

"రా తమ్ముడూ," అంది అత్తగారు. "చూడు దీని సంగతి. స్కానింగు గదిలో కదలొద్దు అంటే కదలకుండా పడుకుంది. ఇంట్లో ఇన్నేళ్ళలో నా మాట అలా విన్న పాపాన పోలేదు."

"మీ మాట... వింటే," అంది కండక్టరమ్మ, ఒక్కో మాటా ఏరుకుంటూ, "బస్సు... ముందుకి పోదు."

"విన్నావా తమ్ముడూ, నోరు బాగుపడిపోయింది, ఇక నాకు రోజులు మూడాయి." అంటూనే ముసలామె కళ్ళు పక్కకి తిప్పుకుంది. కోడలు ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఆ గొంతుకి కిటికీలు పగిలిపోతాయని పోట్లాడిన మనిషి. ఇప్పుడు ఇల్లు నిశ్శబ్దంగా ఉంటే భయమేస్తోందని ఒకసారి బాబాయితో అంది. పొద్దున్నే రేడియో పెట్టుకుంటోందట, మాట కోసం.

బాబాయి అరచేతిని కండక్టరమ్మ తల మీద ఆనించాడు. గోరంత ఎత్తు మొలిచింది, ఎడమవైపు రంధ్రం మచ్చ చుట్టూ మాత్రం పలచగా.

"పెరుగుతోంది అమ్మాయ్. నాటిన చోటల్లా మొలిచింది."

"దాంతో నా తల..." ఆమె వేలు చూపించింది, మాట దొరకలేదు, బాబాయి చొక్కా జేబులోంచి తొంగిచూస్తున్న దువ్వెనని చూస్తూ, "ఆ టికెట్... కాదు, ఛీ. ఆ... ఆ..."

"దువ్వెన," అంది అత్తగారు.

"మీరు చెప్పకండి!" అని కసిరింది. కసరడంలో మాత్రం ఒక్క మాటా తడబడలేదు. ముగ్గురూ నవ్వారు. నవ్వుతూనే ఆమె తల పట్టుకుంది, కళ్ళు గట్టిగా మూసుకుంది. బాబాయి నవ్వు ఆగిపోయింది. రెండు మూడు రోజులుగా మళ్ళీ తలనొప్పి అంటోందని అత్తగారు గొంతు తగ్గించి చెప్పింది.

*

మధ్యాహ్నం కాకముందే డాక్టరమ్మ వచ్చింది. పిల్లలున్న మనిషే గానీ చూడ్డానికి కాలేజీ అమ్మాయిలా ఉంటుంది. ఫిల్మ్ కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుని అత్తగారికి చూపించింది, తెల్లటి ఉంగరంలా కనిపించింది అందులో.

"అమ్మా, చీము మళ్ళీ చేరింది. కొత్త గడ్డ కాదు, పాతదే. దాని చుట్టూ గోడ మందంగా కట్టేసుకుంది, నారింజ తొక్కలాగా. మన మందు లోపలికి పోవట్లేదు, సూదితో ఎన్నిసార్లు లాగినా ఆ తిత్తి ఉన్నంతసేపూ మళ్ళీ నిండుతుంది. అందుకని తిత్తినే మొత్తంగా తీసేద్దాం. ఎముకని చిన్న తలుపులా తెరిచి, తీసేసి, మళ్ళీ తలుపు మూసేస్తాం."

"చీము తీసేస్తే మాట వచ్చిందే. ఇప్పుడది తీస్తే?" అని అడిగింది అత్తగారు.

డాక్టరమ్మ ఫిల్మ్ కిందికి దించింది. "మాటలుండే చోటికి ఆనుకుని ఉందమ్మా అది. చాలా జాగ్రత్తగా తీస్తాం. కొన్నాళ్ళు తడబాటు పెరగొచ్చు. తిరిగి రావచ్చు, పూర్తిగా రాకపోనూ వచ్చు. కానీ వదిలేస్తే అది పగలొచ్చు, పగిలితే మాట కాదు, మనిషే దక్కదు. తర్వాత చెవి డాక్టరు ఆ చెవి శుభ్రం చేస్తారు, లేకపోతే మళ్ళీ మొదటికొస్తుంది."

కండక్టరమ్మ అంతా విన్నది. ఒక్క మాట అడిగింది.

"బస్సు?"

"ఫిట్స్ లేకుండా, మాట స్పష్టంగా ఉంటే తప్పకుండా," అంది డాక్టరమ్మ. బాబాయి వైపు తిరిగింది. "బాబాయ్ గారూ, ఎడమవైపు చాలు. థియేటరు ఖాళీ అవగానే తీసుకెళ్తాం."

*

చిన్న గదిలో కుర్చీ అద్దంలేని గోడకి ఎదురుగా ఉంటుంది. అద్దం లేకపోవడం కూడా బాబాయి పద్ధతే. కండక్టరమ్మ కూర్చుంది. మెడ చుట్టూ గుడ్డ కట్టాడు. రేకుపెట్టె తెరిచాడు. మిషన్ తీశాడు, పెట్టేశాడు. కత్తి తీశాడు, పెట్టేశాడు. చేతులు ఎందుకో బరువుగా ఉన్నాయి, ఎడమ భుజం పొద్దున్నుంచీ లాగుతోంది, పెయింటరు తల పెద్దదిలే అనుకున్నాడు.

"ఎడమవైపు ఒక్కటేనట," అన్నాడు.

"సగమా?" ఆమె వెనక్కి తిరిగి చూసింది. "సగం తీస్తే... హాఫ్ టికెట్‌లా ఉంటాను. మొత్తం తియ్."

"డాక్టరమ్మ తిడుతుంది."

"నేనూ... తిడతాను. నా తిట్టు పెద్దది."

బాబాయి దువ్వెన తీశాడు. గోరంత జుట్టుకి దువ్వెనేంటి, పళ్ళ మధ్యలోంచి అంతా జారిపోతుంది. అయినా కాసిన్ని నీళ్ళు చిలకరించాడు.

"పాపిడి ఎటు తీస్తావమ్మాయ్?"

ఆమె నుదుటి మీద వేలు పెట్టుకుంది. మాట వెతుక్కుంటోందేమో అనుకుని ఆయన ఆగాడు.

"మధ్యలో," అంది చివరికి. "మధ్య పాపిడి. రెండు జడలు... చిన్నప్పుడు. తర్వాత ఒకటి. పొడుగు."

"చూశాను."

నుదుటి మీంచి వెనక్కి, సరిగ్గా నడుమ, లేని పాపిడి తీశాడు. ఒక పక్కకి దువ్వాడు, ఇంకో పక్కకి దువ్వాడు. మచ్చ దగ్గర దువ్వెన ఎత్తి దాటించాడు. చెవుల పైన లేని పోగులు సర్దాడు. అడుగు వెనక్కి వేసి చూశాడు. ఆమె కళ్ళు మూసుకుని ఉంది, ఎవరో నెత్తిన చెయ్యి పెట్టి నిద్రపుచ్చుతున్నట్టు మొహమంతా వదులైపోయింది.

"బాబాయ్."

"ఊఁ."

"ఆ రోజు నిన్ను... వేరే చోట దింపేశానా? లేపేసి. నాకు కొంచెం కొంచెం... వంతెన కనిపిస్తుంది."

అడుగుతుందని ఎన్నోసార్లు అనుకున్నాడు, జవాబు కూడా తయారు చేసి పెట్టుకున్నాడు, ఇప్పుడు అదేదీ గుర్తు రాలేదు.

"దింపావు. నేనేమో ఆటపట్టించావనుకున్నా. నవ్వుకుంటూ నడిచిపోయా. మర్నాడు బస్సంతా నవ్వితే నేనూ నవ్వా. నవ్వకుండా ఉండాల్సింది అమ్మాయ్."

"నవ్వకపోతే?" ఆమె కళ్ళు తెరిచింది. "నా బస్సులో... నవ్వకపోతే దింపేస్తాను." కాసేపాగి, "ఇప్పుడెవరు లేపుతున్నారు నిన్ను?"

"ఎవరూ లేపరు. కొత్తాయన మీసం చూసుకుంటూ ఉంటాడు. రోజూ డిపోకి పోయి అక్కడ్నుంచి వెనక్కి నడిచొస్తున్నా. మా ఇంటావిడ అంటుంది, నడక ఒంటికి మంచిది, ఆ కండక్టరు పిల్ల ఇన్నేళ్ళూ నిన్ను బద్ధకస్తుణ్ణి చేసిందని."

ఆమె గట్టిగా నవ్వింది. ఆ నవ్వు మీదే మిషన్ పెట్టాడు, నురగ పెట్టాడు, కత్తి పెట్టాడు. అంతా అయ్యాక తడిగుడ్డతో తుడిచి, దువ్వెన కడిగి ఆరబెట్టి, ఆమె చేతిలో పెట్టాడు.

"ఇది నీ దగ్గర ఉండనీ. జుట్టొచ్చాక నాకు తెచ్చివ్వు. మధ్య పాపిడి తీసుకుని రావాలి, లేకపోతే తీసుకోను."

ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. పెదవులు కదిలాయి. "దు... దువ్వెన," అంది. గోడవైపు చూసి కాదు, ఆయన వైపు చూసి.

*

బాబాయి డ్యూటీ అయిపోయింది. ఇంటికి పోలేదు. థియేటరు బయట బెంచీ మీద అత్తగారి పక్కన కూర్చున్నాడు. ఆమె కాగితం కప్పులో టీ తెచ్చిచ్చింది, తను తాగలేదు. కోడలి దుప్పటి మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టింది.

"చెవి కారుతుంటే దూది పెట్టుకో అని నేనే అన్నాను తమ్ముడూ. నాకేం తెలుసు."

"నాకూ తెలియదక్కా. ఎవరికి మాత్రం తెలుసు?"

"మాట రాకపోతే ఏం చేస్తుంది అది? మాటే కదా దాని బతుకు."

ఆయన టీ కప్పు బెంచీ కింద పెట్టాడు. థియేటరు తలుపు మీద ఎర్రలైటు వెలుగుతూనే ఉంది. పెయింటరుని ఎప్పుడో బయటికి తెచ్చేశారు, కట్టుకట్టిన తలతో గురకపెడుతూ వెళ్ళాడు. కిటికీలో ఎండ గోడ మీంచి నేల మీదికి, నేల మీంచి బెంచీ కాళ్ళ దాకా జరిగింది. అప్పుడు లైటు ఆరింది, డాక్టరమ్మ బయటికొచ్చింది. టోపీ తీసేసిన గుర్తు నుదుటి మీద ఎర్రగా ఉంది.

"మొత్తంగా వచ్చిందమ్మా, పగలకుండా. ఉసిరికాయంత. మందులు ఇంకొన్ని వారాలు వాడాలి. మాట సంగతి... మెలకువ వచ్చాక చూద్దాం."

అత్తగారు డాక్టరమ్మ రెండు చేతులూ పట్టుకుంది, ఏమీ అనలేదు. ఆవిడకి మాట రాకపోవడం అదే మొదటిసారి.

సాయంత్రానికి లోపలికి పంపించారు, ఒక్కరే అన్నారు, డాక్టరమ్మ చూసీ చూడనట్టు ఊరుకుంటే ఇద్దరూ వెళ్ళారు. కండక్టరమ్మ తలంతా కట్టు, ఎడమ కన్ను ఉబ్బి మూసుకుపోయింది, కుడిచేతి గుప్పిట్లో ఏదో ఉంది. థియేటరు గుమ్మం దగ్గర లాక్కోబోతే వదల్లేదట, మత్తిచ్చాక నర్సు జాగ్రత్తగా తీసిపెట్టి, బయటికొచ్చాక మళ్ళీ పెట్టిందట. అత్తగారు నిలబడే ఉంది. బాబాయి స్టూలు మీద కూర్చున్నాడు, కాసేపే అనుకున్నాడు, మెషీన్లు టిక్ టిక్ మంటున్నాయి, గది చల్లగా ఉంది, పొద్దున్నుంచీ ఎన్ని తలలు, గడ్డం మెల్లగా గుండెల మీదికి వాలిపోయింది.

"నేనెవరో తెలుస్తోందా అమ్మా?" అని అత్తగారు మంచం మీదికి వంగి అడుగుతోంది. "నన్ను చూడు. నేనెవరిని?"

కండక్టరమ్మ కుడికన్ను తెరుచుకుంది. అత్తగారిని చూసింది. ఆమె భుజం మీదుగా స్టూలు మీద రేకుపెట్టె పట్టుకుని నోరు తెరుచుకుని నిద్రపోతున్న మనిషిని చూసింది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. నాలుకతో తడుపుకుంది. గొంతు గొంతులా లేదు, గాలి మాత్రమే వచ్చింది, కానీ ఒక్క మాట కూడా తప్పుచోట కూర్చోలేదు.

"స్టాపొచ్చింది బాబాయ్. లే."

బాబాయి ఉలిక్కిపడి లేచాడు, అలవాటుగా తలుపు వైపు రెండడుగులు వేసేశాడు కూడా. అప్పుడు వెనక్కి తిరిగాడు. అత్తగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడుస్తూ నవ్వుతోంది. "నన్ను గుర్తుపట్టావా అంటే ఆయన్ని లేపుతుందేంటి! ఇది మారదు తమ్ముడూ, ఇది మారదు!"

*

బస్సులో కిటికీ సీటు ఖాళీగానే దొరికింది. బాబాయి కూర్చున్నాడు. మీసాల కండక్టరు టికెట్టు కొట్టి ముందుకెళ్ళిపోయాడు. ఎడమ భుజం ఇంకా లాగుతోంది, చెయ్యంతా మొద్దుబారింది. ఇంటికెళ్ళగానే ఆవిడకి చెప్పాలి, ఉసిరికాయంత అట, మొత్తంగా వచ్చిందట, మాట ఒక్కటి కూడా తప్పలేదట. ఎలా మొదలుపెట్టాలా అని ఆలోచిస్తున్నాడు. స్టూలు మీంచి లేచి తలుపు వైపు నడిచిన సంగతి చెబితే నవ్వి నవ్వి చస్తుంది. గడియారం స్తంభం దాటింది. రేకుపెట్టెని రెండు చేతులా పట్టుకున్నాడు. పాత వంతెన దాటింది. గడ్డం గుండెల మీదికి వాలింది.

నీళ్ళ ట్యాంకు దగ్గర ఇద్దరు దిగారు, ఒకామె ఎక్కింది.

డిపోలో మీసాలాయన సీట్ల మధ్య చూసుకుంటూ వచ్చాడు. రోజూ ఉండే పెద్దాయనే. "డిపో వచ్చిందండీ," అని భుజం తట్టాడు. కాసేపాగి మళ్ళీ తట్టాడు. ఆ తర్వాత టోపీ తీసి చేత్తో పట్టుకుని, ఎవర్ని పిలవాలో తెలియక, ఎదురు సీటులో కూర్చున్నాడు.

ఇంటావిడకి రేకుపెట్టె తెచ్చిచ్చారు. కత్తి, మిషన్, బ్రష్షు, పటిక ముక్క, అన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి. దువ్వెన పెట్టే చోటు ఖాళీగా ఉంది. ఆవిడ ఆ ఖాళీనే చాలాసేపు చూసింది. ఆయన తన దువ్వెన ఎక్కడా మర్చిపోయే మనిషి కాదు, ఎవరికో ఇచ్చే ఉంటాడు.

*

కండక్టరమ్మ చెవి ఆపరేషన్ కూడా అయింది. మందులు అయ్యాయి, స్కానింగుల్లో తెల్ల ఉంగరం కనిపించకుండా పోయింది, జుట్టు మెడ దాకా వచ్చింది. మధ్య పాపిడి తీసుకుని, దువ్వెనతో బాబాయి ఇంటావిడ దగ్గరికి వెళితే, "నీకిచ్చాడుగా, నీ దగ్గరే ఉండనీ," అని టీ ఇచ్చి పంపేసింది ఆవిడ. అత్తగారు మళ్ళీ కిటికీలు పగిలిపోతున్నాయని పోట్లాట మొదలుపెట్టింది.

డ్యూటీలో చేరిన రోజు సాయంత్రం బస్సు నీళ్ళ ట్యాంకు దగ్గర ఆగింది. దిగేవాళ్ళు దిగారు. ఆమె వెనక తలుపు దగ్గర నిలబడి నోరు తెరిచింది, ఏమీ అనకుండా మూసుకుంది, తర్వాత "రైట్ రైట్" అంది, బస్సు పోయింది. వెనక కిటికీ సీటులో అప్పటికి ఎవరూ లేరు. కిటికీ అద్దం కింద రేకు అంచు మీద గోధుమరంగు కొమ్ము దువ్వెన ఉంది, ఒక చివర రెండు పళ్ళు లేవు, మిగిలిన పళ్ళలో ఆమె వెంట్రుక ఒకటి. బస్సు గోతిలో పడినప్పుడల్లా అది కాస్త అటు జరుగుతుంది, కాస్త ఇటు జరుగుతుంది, పడదు.